స్థిరమైన యింట క్రొత్త తపాలాపెట్టె

మేడ్చలు నుండి యొక సోదరి గత మాసమున మాకు దీర్ఘమైన జాబు వ్రాసినారు. అందలి చిక్కు ఆమె యొక్కరిది మాత్రమే కాదు. శామీర్‌పేట, తూముకుంట వైపుల నుండి యిటువంటి ప్రశ్నలే మఱి కొన్ని మాకు చేరియున్నవి. కావున ఈ నెల మన పుటను దీనికే వినియోగించుచున్నాము.

ఆ సోదరి యింట నొక పాత ల్యాప్‌టాపు కలదు. కుమారుడు కాలేజీలో చదువుకొను దినములలో దానిలో డెబియన్ అను లినక్సును వేసి, తల్లికి థండర్‌బర్డ్ అను ఈమెయిలు ప్రోగ్రామును నేర్పి, ఉద్యోగమునకై పూనా వెడలిపోయెను. నాటి నుండి ఆమెయే దానిని వాడుకొనుచున్నారు. డల్లాసులో కాపురమున్న కుమార్తె పండ్రెండేండ్లుగా వ్రాయుచున్న జాబులన్నియు, మనుమరాలు పుట్టిననాటి ఛాయాచిత్రము మొదలుకొని, అందే యున్నవి. ఇల్లు కొన్ననాటి దస్తావేజుల నకళ్లును, భర్తగారి పింఛను కాగితములును అందే. ఇటీవల కుమార్తె ఫోనులో మాటలాడుచు, "అమ్మా, నా దానిలో 140 అని యున్నది, నీ దానిలో 115 అని యున్నది, అంత పాతది వాడరాదు" అనెనట. ఆమె బజారులోని యొక దుకాణమునకు యంత్రమును తీసికొనిపోగా, "ఇది పాత సామాను, అంతయు తుడిచివేసి వేఱొకటి వేసెదను, ఒక్క పూట పని" అనిరి. శామీర్‌పేటలోనున్న చెల్లెలి కుమారుడు వచ్చి, "పెద్దమ్మా, అంత శ్రమ యెందుకు? ఒక్క పంక్తి చేర్చినచో క్రొత్తది దానంతట నదియే వచ్చును" అనెను. ఈ రెంటిలో నేది చేయవలెనని ఆమె ప్రశ్న. "యంత్రము పోయినను పోవును గాని జాబులు పోరాదు" అని చివర వ్రాసినారు. ఆ ఒక్క వాక్యము చూచియే మేము ఈ పుటను వ్రాయ బూనితిమి.

మా సమాధానము ముందుగనే చెప్పుచున్నాము. దుకాణము వారి మాటయు వలదు, అబ్బాయి మాటయు వలదు. కారణములు తెలిసికొన్నచో సోదరీమణులు తమ పనిని తామే చక్కబెట్టుకొనగలరు.

డెబియను అనునది 1993 ఆగస్టులో అమెరికాలో ఇయాన్ మర్డాక్ అను యువకుడు ప్రారంభించిన కూర్పు. తాను ప్రేమించిన డెబ్రా పేరును ముందును, తన పేరును వెనుకను పెట్టి డెబియన్ అని నామకరణము చేసెను. స్త్రీ పేరు ముందుండుట మన పాఠకురాండ్రకు నచ్చకపోదు. దీనికి యజమాని యనదగిన కంపెనీ లేదు. దేశదేశముల వారు స్వచ్ఛందముగా దీనిని నడుపుచున్నారు. వారి వార్షిక సభ 2023 సెప్టెంబరులో మన పొరుగుననే, కేరళలోని కొచ్చిలో జరిగెను. సుమారు రెండేండ్ల కొకమారు వారు "స్థిరము" అను కూర్పును వెలువరించెదరు. వెలువడిన పిమ్మట అందలి వేలకొలది ప్రోగ్రాముల సంఖ్యలను మార్చరు. దోషములను మాత్రము దిద్దుచుందురు.

ఈ స్థిరమన్న మాటను పలువురు "పాతది" అని పొరబడుచున్నారు. వంటయింటి సంగతి తెలిసినవారి కిది వేఱుగా తోచును. రాత్రికి రాత్రి ఎవరో వచ్చి ఉప్పు జాడీ యుండుచోట చింతపండును, పప్పు డబ్బా యుండుచోట బియ్యమును పెట్టిపోయినచో ఉదయము వంట యేమి కావలెను? క్రొత్త డబ్బాలు ఎంత మెఱయుచున్నను మన కక్కఱలేదు. ఎక్కడిది అక్కడ నుండుటయే స్థిరమున గల సుఖము. కుమారుడు దూరముననున్న తల్లికి ఈ కూర్పునే వేసిపోవుట ఆ అబ్బాయి తెలివికి నిదర్శనమని మా అభిప్రాయము.

అయినను ఈ నియమమునకు రెండు మూడు మినహాయింపులు కలవు. వానిలో నొకటి థండర్‌బర్డే. దీనికి కారణము తెలియవలెను. గడియారము, లెక్కల పట్టిక మొదలగు ప్రోగ్రాములు ఇంటిలోపలి వస్తువుల వంటివి. ఈమెయిలు ప్రోగ్రామో, వీథి గుమ్మము. దాని ద్వారా ఎవరైనను ఏదైనను లోపలికి విసరవచ్చును. అట్టి గుమ్మమునకు చీలికలు పడినప్పుడెల్ల వెంటనే బాగుచేయవలెను. థండర్‌బర్డును తయారుచేయువారు పాత సంచికలను కొంతకాలమునకు విడిచిపెట్టెదరు గనుక, వానిని డెబియను వారు తామే దిద్దుకొనుచు కూర్చుండుట సాధ్యము గాదు. అందుచేత తయారీదారులు దీర్ఘకాలము సంరక్షించు సంచికను, ఇ.ఎస్.ఆర్. అను దానిని, భద్రతా మార్గముననే స్థిరములోనికి మొత్తముగా తెచ్చి పెట్టుచున్నారు. 2023 జూన్ 10న బుక్‌వర్మ్ అను పండ్రెండవ డెబియను వెలువడినప్పుడు అందున్నది 102. అదే యేడు 115 వచ్చెను. 2024లో 128 వచ్చెను. ఆ తరువాతివియు అదే దారిని వచ్చుచున్నవి.

మన సోదరి యంత్రములోనున్నది ఆ బుక్‌వర్మే. మఱి 115 కడనే యేల నిలిచినది? కుమారుడు వెడలిపోయిన తరువాత నవీకరణలు చేసినవారు లేరు. క్రొత్తది వచ్చి గుమ్మము కడనే నిలిచియున్నది, తలుపు తీసినవారు లేరు, అంతే.

సంఖ్యల మాట యొకటి చెప్పి ముందునకు పోవుదము. 2025 మార్చి నుండి థండర్‌బర్డు వారు తమ స్థలమున నెలనెలకు మాఱు సంచికను ముందుగా చూపుచున్నారు. ఏటికొకసారి వచ్చు దీర్ఘకాలిక సంచిక దాని ప్రక్కననే కలదు. భద్రతకు సంబంధించిన మరమ్మతులు రెంటికిని అందుచున్నవి. కావున అమెరికాలోని వారి సంఖ్య పెద్దదియు మన సంఖ్య చిన్నదియు నైనంత మాత్రమున మనది చెడ్డది కాదు. ఒకే మగ్గముపై నేసిన రెండు చీరలలో నొకదానికి అంచు వెడల్పు, అంతమాత్రమే. అయితే సంరక్షణ ముగిసిన 115 మాట వేఱు. దానిని విడువవలసినదే. అంతవఱకు కుమార్తె చెప్పినది నిజము.

నిజముగా క్రొత్తది కావలసిన సందర్భములును గలవు. ఈమెయిలు ఇచ్చు కంపెనీలు అప్పుడప్పుడు తమ వాకిటి తాళములను మార్చుచుందురు. గూగులు వారు 2022 మే 30 నుండి, వట్టి పేరును సంకేతపదమును మాత్రమే చూపు ప్రోగ్రాములను సామాన్యుల ఖాతాలలోనికి రానిచ్చుట మానిరి. క్రొత్త పద్ధతి నెఱుగని మిక్కిలి పాత ప్రోగ్రాములు నాటితో వాకిటనే నిలిచిపోయినవి. ఇట్టిది జరిగినప్పుడు క్రొత్తది అవసరము. రంగులు బాగున్నవని, పొరుగువారి దానిలో బొమ్మలు మాఱినవని తెచ్చుకొనునది కోరిక. కోరిక తప్పనుట లేదు గాని, రెంటికిని ఒకే తొందర పడరాదు.

ఇక చేయవలసిన పని. ఏ క్రొత్తదానిని తాకుటకు ముందైనను జాబులను పదిలపఱచవలెను. ఇది మానినవారికి మా తక్కిన సలహాలేవియు అక్కఱకు రావు.

జాబులు రెండు విధములుగా నుండవచ్చును. ఐమాప్ అను పద్ధతిలో అసలు జాబులు కంపెనీ వారి యంత్రమునందే యుండును. మన యింట కనబడునది వాని ప్రతి. పాప్ అను పద్ధతిలో, తపాలా జవాను సంచి కుమ్మరించి పోయినట్లు, జాబులు మన యింటికి వచ్చిపడును. అక్కడ ప్రతి మిగులకపోవచ్చును. ప్రోగ్రాములో ఖాతా సెట్టింగులు తెఱచి చూచినచో ఏది మనదో తెలియును. మన సోదరిది పాప్ అని ఆమె వ్రాసిన వివరములను బట్టి మేము గ్రహించితిమి. అనగా పండ్రెండేండ్ల జాబులకు ఆ యొక్క ల్యాప్‌టాపే భోషాణము. "అంతయు తుడిచివేసెదము" అన్న దుకాణము వారి మాట విని యుండినచో ఏమయ్యెడిదో ఊహించుటకే మాకు కష్టముగా నున్నది.

ఆ జాబులన్నియు ఒక మఱుగు సంచిలో నుండును. దాని పేరు థండర్‌బర్డే, ముందొక చుక్క యుండును. చుక్కతో మొదలగు పేర్లు లినక్సులో సామాన్యముగా కంటికి కనబడవు. ఫైళ్లు చూపు కిటికీలో కంట్రోల్ మీటను పట్టుకొని హెచ్ అక్షరమును నొక్కినచో కనబడును. ముందుగా థండర్‌బర్డును పూర్తిగా మూసివేసి, ఆ సంచిని మొత్తముగా నొక పెన్‌డ్రైవులోనికి ప్రతి తీయవలెను. ఇందొక మెలిక యున్నది. బజారులో దొఱకు పెన్‌డ్రైవులు పెక్కు ఫ్యాట్ అను పాత పద్ధతిలో నుండును, వానిలో నాలుగు గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలు పట్టదు. ఏండ్ల తరబడి పెరిగిన ఇన్‌బాక్సు ఒక్కటే అంతకు మించవచ్చును. అట్టి యెడ మధ్యలో ఆగిపోయినదని కంగారు పడక, పెన్‌డ్రైవును ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చి మరల ప్రతి తీయవలెను. మార్చునప్పుడు దానిలోని పాత వస్తువులు పోవును గనుక ఖాళీదానిని తీసికొనుట మేలు. ఆ సంచిలో సంకేతపదములు కూడ నుండును. కావున ఆ పెన్‌డ్రైవు నగలు దాచుచోటనే యుండవలెను గాని పిల్లల బడిసంచిలో నుండరాదు.

మఱొక మాట. కొందఱి పాత యంత్రములలో ఐస్‌డవ్ అను పేరుగల సంచి కనబడును. ఇదేదో పనికిరాని చెత్త యనుకొని తీసివేయరాదు. పేరు హక్కుల విషయమున మొజిల్లా వారికిని డెబియను వారికిని 2006లో తగవు వచ్చి, అటుపిమ్మట పదేండ్లకు పైగా డెబియనులో థండర్‌బర్డు ఐస్‌డవ్ అను మాఱుపేరుతో బ్రతికెను. 2017లో తగవు తీఱి అసలు పేరు తిరిగి వచ్చెను. ఆ కాలము నుండి వాడుచున్న కొన్ని యంత్రములలో జాబులు నేటికిని ఆ మాఱుపేరు సంచిలోనే యుండి, క్రొత్త పేరు దానికి వేసిన దారి మాత్రమే కావచ్చును.

జాబులు పదిలమైన తరువాత నవీకరణ. సాఫ్ట్‌వేర్ అను కిటికీని తెఱచి, అప్‌డేట్లు అనుచోట నొక్కినచో చాలును. నల్లని టెర్మినలుకు జంకని వారు ఆంగ్లాక్షరములలో "సుడో ఆప్ట్ అప్‌డేట్" అనియు, అది ముగిసిన పిమ్మట "సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్" అనియు కొట్టవచ్చును. మొదటిది కొట్టులో నేమేమి వచ్చినదో జాబితా తెచ్చును, రెండవది సరకును తెచ్చును. చాలకాలము చేయనివారికి ఇది గంటసేపు పట్టవచ్చును. మధ్యలో కరెంటు పోకుండ చూచుకొనవలెను. వర్షాకాలమున మన పొలిమేరలలో ఆ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంతటితో మన సోదరి పని తొమ్మిది పాళ్లు తీఱినది.

ఇప్పుడు శామీర్‌పేట అబ్బాయి చెప్పిన ఒక్క పంక్తి సంగతి. అతడు చేర్చుమన్నది సిడ్ అను కొట్టు పేరు. డెబియను కూర్పుల కన్నింటికిని టాయ్ స్టోరీ అను బొమ్మల చలనచిత్రములోని పాత్రల పేర్లు పెట్టుట వాడుక. ఆ చిత్రములో సిడ్ అనువాడు బొమ్మలను విఱుగగొట్టు పొరుగింటి తుంటరి. ఎప్పటికప్పుడు క్రొత్తవి వచ్చిపడుచు, నేడు నడచినది రేపు నడువకపోవు కొట్టుకు వారు ఆ పేరునే శాశ్వతముగా నుంచినారు. ఇంతకంటె స్పష్టముగా హెచ్చరించుట యెట్లో మాకు తెలియదు!

అక్కడి నుండి ఒక్క థండర్‌బర్డునే తెచ్చుకొనిన నష్టమేమని అబ్బాయి అడుగవచ్చును. ప్రోగ్రాము ఒంటరిగా రాదు. అది తాను కట్టబడిన పునాదిని అడుగును. సిడ్‌లో కట్టినది సిడ్‌లోని సి లైబ్రరీ వంటి మూల వస్తువులను కోరును. ఆ పునాది మాఱగానే దానిపై నిలిచిన తక్కినవి ఒక్కొక్కటిగ తామును మాఱవలెనని పట్టుపట్టును. కొన్ని మాఱును, కొన్ని మాఱలేవు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినప్పుడు ఆ పూటకు ఏమియు తెలియదు. నెల తిరిగిన పిమ్మట బూజు పైకి కనబడును. ఇదియు నట్లే. కొన్ని మాసములకు తెర నల్లబడి నిలిచిపోయినప్పుడు, నాడు చేర్చిన ఒక్క పంక్తి యెవరికిని జ్ఞాపకముండదు. యంత్రమే చెడినదని దుకాణమునకు పరుగెత్తెదరు. అబ్బాయి యుద్దేశము మంచిదే. అతని యంత్రమున నతడు ఏమైనను చేసికొనవచ్చును, చెడినచో బాగుచేసికొను వయస్సు. పెద్దమ్మ జాబులపై ప్రయోగము కూడదు.

థండర్‌బర్డు గాక ఎవల్యూషన్, క్లాస్ మెయిల్ వంటి వేఱు ప్రోగ్రాములు వాడువారికి పై మినహాయింపు లేదు. అవి స్థిరములో వచ్చిన సంఖ్యతోనే నిలిచియుండును. వారికై డెబియను వారే యేర్పఱచిన దారి బ్యాక్‌పోర్ట్స్ అనునది. 2010 నుండి ఇది అధికారిక సేవగా నున్నది. తరువాతి కూర్పునకై సిద్ధమగుచున్న సరకులో కొన్నింటిని తీసికొని, మన స్థిరపు పునాదిపైననే మరల కట్టి యిచ్చెదరు. పరాయి ఊరి విత్తనమును మన మడిలోనే నారుపోసి యిచ్చినట్లన్నమాట. ఈ కొట్టును చేర్చినంతమాత్రమున ఏదియు దానంతట మాఱదు. పేరు చెప్పి అడిగిన వస్తువు మాత్రమే వచ్చును. అయితే అన్ని ప్రోగ్రాములును అక్కడ దొఱకవు, భద్రతా వర్గము వారి పూర్తి పూచీయు అక్కడి సరకునకు లేదు. కావున అవసరమైన ఒకటి రెంటికే దానిని వాడవలెను.

ఇవేవియు చాలక, అమెరికాలోని కుమార్తె దానిలోనున్న సంఖ్యయే కావలెనను వారికి ఫ్లాట్‌ప్యాక్ కలదు. ఇది మన వంటయింటిని ముట్టుకొనక, తన క్యారియరులో తన భోజనమును తానే తెచ్చుకొను అతిథి వంటిది. తన పునాదిని తనతో తెచ్చుకొనును గనుక స్థిరమునకు భంగము లేదు. చోటు మాత్రము ఎక్కువ పట్టును. పాత ల్యాప్‌టాపులలో అది గమనింపవలసినదే. మఱియు ఫ్లాట్‌ప్యాక్ థండర్‌బర్డు తన జాబులను వేఱొక సంచిలో నుంచుకొనును. తొలిసారి తెఱచినప్పుడు అంతయు ఖాళీగా కనబడును. "నా జాబులన్నియు పోయినవి" అని గుండెలు బాదుకొనరాదు. అవి పాత సంచిలో భద్రముగనే యున్నవి. దిగుమతి అను దారిని వానిని క్రొత్తదానిలోనికి తెచ్చుకొనవచ్చును.

ఏ దారిని వెళ్లినను వెనుకకు వచ్చుట సులభము కాదు. క్రొత్త థండర్‌బర్డు ఒకమారు తెఱచిన సంచిని పాత థండర్‌బర్డు తెఱవ నిరాకరించును. 2019లో వచ్చిన 68వ సంచిక నాటి నుండి ఈ కట్టడి కలదు. అది మన మేలునకే. క్రొత్త పద్ధతిలో వ్రాసిన లెక్కలను పాతది తప్పుగా చదివి చెడగొట్టకుండుటకు. పెన్‌డ్రైవులో ముందు తీసిన ప్రతి యున్నవారికి మాత్రము పాతదారి తెఱచియుండును.

చివరి దారి యొకటి కలదు. ఇల్లంతయు క్రొత్త కూర్పునకు మార్చుకొనుట. 2025 ఆగస్టు 9న ట్రిక్సీ అను పదమూడవ డెబియను వెలువడెను. బుక్‌వర్మునకు దీర్ఘకాలిక సంరక్షణ 2028 జూను వఱకు కలదు గనుక తొందర లేదు. సంక్రాంతి సెలవులకు కుమారుడు పూనా నుండి వచ్చినప్పుడు ప్రక్కన కూర్చుండి చేయించుకొనవచ్చును. కుమారుడు రాలేకపోయినను సహాయమునకు మన ప్రాంతమున కొదువ లేదు. శామీర్‌పేట వైపున బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ఆవరణ 2008 నుండి కలదు. మేడ్చలు దారిలోని ఇంజనీరింగు కాలేజీల సంగతి బస్సులలో పోవువారి కందఱికిని తెలిసినదే. 2005లో తెలుగున మాటలాడు లినక్సును తెచ్చిన స్వేచ్ఛ సంస్థవారు హైదరాబాదులోనే యున్నారు. ఎవరు వచ్చి చేసినను మీ యెదుటనే చేయుమనుడు, చేసినది యొక కాగితముపై వ్రాసి యిమ్మనుడు. ఏ కొట్టులను చేర్చిరి, ఏ సంచిని ఎక్కడకు ప్రతి తీసిరి అను రెండు పంక్తులైనను చాలును. ఆ కాగితమును ల్యాప్‌టాపు సంచిలోనే యుంచుడు.

శామీర్‌పేట నుండి వ్రాసిన మఱొక సోదరికి రెండు ముక్కలు. జాబులలో తెలుగక్షరములకు బదులు చిన్న చిన్న డబ్బాలు కనబడుట మీ ఈమెయిలు ప్రోగ్రాము దోషము కాదు. యంత్రములో తెలుగు ఖతులు లేవు. ఫాంట్స్-తెలు అను పొట్లమును కొట్టు నుండి తెప్పించి, ప్రోగ్రామును ఒకమారు మూసి తెఱచినచో మీ అత్తగారి జాబు చక్కగ చదువ వచ్చును.